ఇంటి మడి కొత్తిమీర

ఎనిమిదికి పావుగంట తక్కువగా కనకలక్ష్మి ఫోను మోగింది. కాటా మీద అరకిలో బెండకాయలున్నాయి, ఎదురుగా సంచీ తెరిచి పట్టుకున్న మనిషి ఉన్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని బేరం చెయ్యడం ఆమెకు అలవాటే. ఫోను చేసింది భర్త వెంకటసుబ్బారావు.

"ఇంటి మడిలో కొత్తిమీర నువ్వేనా కోసింది?"

"నేను కాకపోతే ఊళ్ళోవాళ్ళొచ్చి కోస్తారా? ఏం, ఏవైంది?"

అవతల కాసేపు చప్పుడు లేదు. సుబ్బారావు నోట మాట ఆగిందంటే ఏదో కొంప మునిగినట్టేనని ఇరవయ్యారేళ్ళ కాపరంలో ఆమెకు బాగా తెలిసిన సంగతి.

"నిన్న సాయంత్రం దానిమీద మందు కొట్టా," అన్నాడు.

చేతిలో ఉన్న బెండకాయ ఆమె మళ్ళీ బుట్టలోనే పడేసింది. ఎదుటి మనిషి "ఏవమ్మా, తూచేది ఉందా లేదా?" అని విసుక్కున్నాడు.

వాళ్ళది కృష్ణ ఒడ్డున ఒక లంక. ఎకరంపావులో బెండ, చిక్కుడు, బీర వేస్తారు. పెరట్లో నాలుగు సెంట్ల ఇంటి మడి వేరే ఉంది. అందులో పండింది అమ్మరు, ఇంట్లోకే. అమ్మకం పంటకి మందు కొట్టక తప్పదు గానీ ఇంటి మడి దగ్గర మాత్రం డబ్బా మూత తియ్యరు. లంకలో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే పద్ధతి, దాన్ని ఎవరూ వింతగా అనుకోరు. ఆ మడిలోనే కనకలక్ష్మి రోజూ తెల్లవారుజామున నాలుగు గుప్పిళ్ళ కొత్తిమీర కోసి, తడిగుడ్డలో చుట్టి, విజయవాడలో భవానీపురం వైపున్న రైతు బజారుకి తెచ్చుకుంటుంది. అమ్మడానికి కాదు, కొసరు వెయ్యడానికి. అదీ అందరికీ కాదు. ఏళ్ళ తరబడి తన దగ్గరికే వచ్చే వాడుకవాళ్ళకి మాత్రమే. ఆ కొత్తిమీర వాసన చూసి వాళ్ళ మొహాలు విచ్చుకుంటుంటే ఆమెకు అదో గొప్ప.

"ఇంటి మడికి మందేంటయ్యా? నీకేవన్నా మతి పోయిందా?"

"చిక్కుడుకి పేనుబంక పట్టింది గదా. కొట్టాక ట్యాంకులో సగం మిగిలింది. పారబొయ్యడమెందుకని..." సుబ్బారావు నసిగాడు. "నీకు చెబుదామనే అనుకున్నా. నువ్వు హనుమాన్ జంక్షన్లో చుట్టాలింటి నుంచి వచ్చేసరికి నేను నిద్రపోయా."

మిగిలిన అర ట్యాంకు మందు పారబొయ్యడానికి చెయ్యి రాలేదు మహానుభావుడికి. రైతు చెయ్యి అలాంటిది. ఏదీ వృథాగా పోనివ్వదు, ఆఖరికి విషాన్ని కూడా.

"సర్లే, ఎవరితోనూ అనకు," అన్నాడు సుబ్బారావు. "కడుక్కునే తింటార్లే. అన్నావంటే బజార్లో అమ్ముకునే నీ రైతు కార్డు పోద్ది."

ఫోను పెట్టేశాక ఆమె తడిగుడ్డ విప్పి చూసింది. నాలుగు కొమ్మలు మిగిలాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటుగా, ముక్కుపుటాల్లో గుచ్చుకునే వాసన. తెల్లవారుజామున కోసేటప్పుడూ ఈ వాసన వచ్చింది. పక్కవాళ్ళ చేలోంచి గాలికి వస్తోందిలే అనుకుంది. ఆ లంకలో ఆ వాసన లేనిదెప్పుడు గనక?

ఎనిమిది మందికి వేసింది. ఎనిమిదేనా? వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. ఎనిమిదే.

ఇక్కడ కనకలక్ష్మి చేసిన పని దాచిపెట్టడం న్యాయం కాదు. ఆమె వెంటనే లేచి పరుగెత్తలేదు. అక్కడే కూర్చుని బేరాలు చేసింది. కిలో బీరకాయలు తూచింది, చిల్లర ఇచ్చింది, ధర ఎక్కువందని ఒకావిడ అంటే బోర్డు చూసుకోమని కసిరింది. కార్డు పోతుందేమోనన్న భయం ఒక పక్క, ఎవరికన్నా ఏమన్నా అవుతుందేమోనన్న భయం ఇంకో పక్క, రెండూ కలిసి ఆమెను అక్కడే కూర్చోబెట్టేశాయి. కడుక్కుంటారు. కడగని వాళ్ళెవరు? కూరలో వేస్తే ఉడికిపోతుంది. చిటికెడు కొత్తిమీరకి ఎవరేమైపోతారు? ఇలా తనకు తనే సర్దిచెప్పుకుంటూ ఇరవై నిమిషాలు గడిపింది.

పక్క స్టాలు మాణిక్యమ్మది. కొండపల్లి నుంచి సొరకాయలూ గుమ్మడికాయలూ తెస్తుంది. కనకలక్ష్మి కంటే పదేళ్ళు పెద్దది. "ఏవే లక్ష్మీ, వందిచ్చినాయనకి ఐదొందలకి చిల్లరిచ్చి పంపావు. ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

అలా అడగడమే చాలు, కనకలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. గొంతు తగ్గించి అంతా చెప్పేసింది. మాణిక్యమ్మ చేతిలోని గుమ్మడిముక్క కింద పెట్టింది.

"ఆ కొత్తిమీర జనం ఎందులో వేసుకుంటారే? రసంలో ఆఖర్న చల్లుతారు. పచ్చిదే నూరుకుంటారు. ఉడకబెట్టేదెవరు? లే, పోయి ఆఫీసరు గారికి చెప్పు."

"కార్డు తీసేస్తారేమో అక్కా."

"తీస్తే తియ్యనీ. నీ స్టాలు నేను చూస్తా, ముందు లే."

ఆఫీసరు జయకృష్ణ చిన్నవాడు, మంచివాడు. కాకపోతే ఏ మాటైనా కాగితం మీది మాటలాగే మాట్లాడతాడు. కనకలక్ష్మి చెప్పింది విని మొహం పాలిపోయి, కార్డు సంగతి తర్వాత చూద్దామని వెంటనే మైకు అందుకున్నాడు.

"ఇరవై ఏడో నంబరు స్టాలులో ఈ రోజు కొత్తిమీర కొనుగోలు చేసిన వినియోగదారులు దయచేసి వెంటనే కార్యాలయం వద్దకు రావలెను."

రెండుసార్లు చెప్పాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూశారు. ఒక పెద్దాయన కరివేపాకు పట్టుకొచ్చి ఇది కూడా పనికిరాదా అని అడిగాడు. ఇంకొకామె వేరే స్టాలులో కొన్న కొత్తిమీర తెచ్చి డబ్బులు వెనక్కివ్వమంది. అసలైనవాళ్ళు ఒక్కరూ రాలేదు. వాడుకగా వచ్చే బ్యాంకు అమ్మాయి ఎదురుగా టమాటాల దగ్గరే నిలబడి ఉంది. సంచీలోంచి కొత్తిమీర కొసలు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. మైకు వింటూనే టమాటాలు ఏరుకుంటోంది.

అప్పుడు వెలిగింది కనకలక్ష్మికి. వాళ్ళెవరూ కొత్తిమీర కొనలేదు. బెండకాయలు కొన్నారు, చిక్కుళ్ళు కొన్నారు. కొసరుని ఎవరన్నా కొన్నామనుకుంటారా?

"సార్, ఒక్కసారి నాకివ్వండి," అని ఆమె మైకు లాక్కుంది. జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదలు. అది ఒకసారి కుయ్యిమంది.

"అమ్మా, నేను బెండకాయల కనకలక్ష్మిని. పొద్దున నేను కొసరేసిన కొత్తిమీర ఎవరూ తినబాకండి. దానికి మందు కొట్టారంట, నాకు తెలీక తెచ్చాను. మీ కాళ్ళు పట్టుకుంటా, ఎక్కడున్నా పారేసి నాకు చెప్పండి!"

బజారంతా ఒక్కసారి తిరిగి చూసింది. బ్యాంకు అమ్మాయి సంచీలోంచి కొత్తిమీర తీసి, కాలుతున్న వస్తువును వదిలినట్టు కింద పడేసింది. టిఫిను బండి దగ్గరి నుంచి ఒకాయన చట్నీ ప్లేటు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. తిట్టినవాళ్ళు తిట్టారు. ఒకావిడ "మిమ్మల్ని నమ్మి వస్తే చంపేస్తారా?" అని మొహం మీదే అడిగేసింది. కనకలక్ష్మి తల ఊపుతూ, వచ్చినవాళ్ళను మాత్రం లెక్కపెట్టుకుంటోంది. అక్కడికక్కడే ముగ్గురు దొరికారు. రోడ్డవతల మెస్సు నడిపే జాన్సన్ ఇంకా సాంబారు పొయ్యి మీద పెట్టలేదు. ఒకే అపార్టుమెంటులో ఉండే తోడికోడళ్ళిద్దరి నంబరు మాణిక్యమ్మ ఫోనులో ఉంది. టైలరింగు షాపు మనోజ్ఞ సంచీ స్కూటరు డిక్కీలోనే ఉండిపోయిందట. మొత్తం ఏడుగురు.

ఎనిమిదో ఆవిడ బెండకాయల అమ్మగారు.

పదకొండేళ్ళుగా వస్తోంది ఆవిడ. పేరు తెలియదు, ఇల్లు తెలియదు. కనకలక్ష్మికి తెలిసిందల్లా ఆవిడ సంచీ సంగతులే. ముచ్చిక తుంచి చూడకుండా ఒక్క బెండకాయ కూడా తీసుకోదు. తుంచగానే టక్కుమనకపోతే పక్కన పెట్టేస్తుంది. ఉల్లిపాయలు కొనదు. ఇదివరకు వంకాయలు కొనేది, ఆరు నెలలుగా మానేసింది. కొసరు దగ్గర మాత్రం మహా గట్టిది, "ఇంకొంచెం వెయ్యి అమ్మాయ్, నీ సొమ్మేం పోయింది" అని చెయ్యి చాపే ఉంచుతుంది. ఈ రోజు పొద్దున కూడా అలాగే అడిగితే, ఈవిడ పీడ వదిలితే చాలని రెండు గుప్పిళ్ళు వేసి పంపింది. అందరికంటే ఎక్కువ పట్టుకెళ్ళింది ఆవిడే.

"తెల్లటి జుట్టు, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, గుడ్డ సంచీ," అని కనకలక్ష్మి గేటు దగ్గర కనిపించిన ప్రతివాణ్ణీ అడిగింది. ఆటో స్టాండులో ఏసుపాదం ఆ మాట విని తల బయటికి పెట్టాడు.

"బరువు మోయలేనన్నప్పుడు నా ఆటోలోనే వెళ్తారండీ. టీచరమ్మ గారు. జ్ఞానప్రసూనాంబ గారని గేటు మీద రాసుంటది. ఎక్కండి."

దూరమేం లేదు, పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కనకలక్ష్మి మొక్కని దేవుడు లేడు. ఆవిడ ఇంకా వంట మొదలుపెట్టి ఉండకూడదు. ఫ్రిజ్జులో పెట్టేసి ఉండాలి. ముసలావిడ కదా, గుడికో ఎక్కడికో వెళ్ళి ఉండాలి. సిగ్నలు దగ్గర ఆటో ఆగితే దిగి పరుగెత్తుదామా అనిపించింది.

తలుపు తీసింది కోడలు శాంభవి. గుమ్మంలో మట్టికాళ్ళతో, రొప్పుతూ నిలబడ్డ మనిషిని చూసి వెనక్కి తగ్గింది. కనకలక్ష్మి ఏం చెప్పిందో ఆమెకే సరిగా తెలియలేదు. కొత్తిమీర, మందు అన్న రెండు మాటలు మాత్రం లోపలికి వినిపించాయి. వంటింట్లోంచి అమ్మగారు వచ్చింది, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ.

"పచ్చడి నూరేశానే," అంది ఆవిడ.

"తిన్నారా అమ్మగారూ?"

"మేం తినలేదు. ఆయన తిన్నారు."

ఆయన లక్ష్మీనారాయణ గారు. హాల్లో పడక్కుర్చీలో ఉన్నారు. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు, మెడ చుట్టూ శాలువా. ఆరు నెలలుగా క్యాన్సరుకి వైద్యం జరుగుతోంది. ఆ మందులతో నోరు చచ్చిపోయి ఏం పెట్టినా సహించడం లేదు. పచ్చి కొత్తిమీర నూరి పెడితే మాత్రం రెండు ఇడ్లీలు లోపలికి వెళ్తాయి.

ఇంకొంచెం వెయ్యి, ఇంకొంచెం వెయ్యి అని ఆవిడ రోజూ చెయ్యి చాపింది ఇందుకా! కనకలక్ష్మికి అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"ఎప్పుడు తిన్నారండీ?"

"ఎనిమిదీ పదికి. మాత్రల టైము, అందుకే గుర్తు," అంది శాంభవి. "అరగంట నుంచీ కడుపులో తిప్పుతోందంటున్నారు. ఒకసారి వాంతయింది. ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాం."

ఎనిమిదీ పది. సుబ్బారావు ఫోను ఏడూ నలభై ఐదుకి వచ్చింది. ఆటోలో పది నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు బీరకాయలు తూస్తూ కూర్చోకుండా ఉంటే, ఆయన నోట్లో ముద్ద పెట్టుకోకముందే ఆమె ఈ గుమ్మంలో ఉండేది. ఈ లెక్కకి కాగితం అక్కర్లేదు.

ఏసుపాదం, శాంభవి చెరో పక్కా పట్టుకుని ఆయన్ను ఆటో ఎక్కించారు. రెండు వీధుల అవతల చిన్న ఆసుపత్రి. డాక్టరు ఆయన కళ్ళలోకి టార్చి వేసి చూస్తూనే అడిగాడు.

"ఏ మందు కొట్టారు? పేరు చెప్పండి, త్వరగా."

కనకలక్ష్మి భర్తకి ఫోను చేసింది. జరిగిందంతా గబగబా చెప్పింది.

"పేరు చెబితే కేసవుద్దేమోనే," అన్నాడు సుబ్బారావు.

"అయితే అవనియ్యి. డబ్బా ఫొటో తీసి పంపు. ఇప్పుడే!" ఆమె అరిచిన అరుపుకి నర్సు తల తిప్పింది.

రెండు నిమిషాలకు ఫొటో వచ్చింది. డాక్టరు ఫోను తీసుకుని, వేళ్ళతో పెద్దది చేసి, విషం ఎంత తీవ్రమో చెప్పే రంగు గుర్తు డబ్బా అడుగున పసుపుగా ఉండటం చూశాడు. "ఎరుపు కాదు, కొంత నయం," అని లోపలికి వెళ్ళిపోయాడు. శాంభవి డాక్టరు వెంట వెళ్ళింది. బయట బల్ల మీద ఈ చివర అమ్మగారు, ఆ చివర కనకలక్ష్మి మిగిలారు. మధ్యలో ఇద్దరు మనుషులు కూర్చునేంత ఖాళీ. ఆ ఖాళీలో చెయ్యి పెట్టడానికి కూడా కనకలక్ష్మికి ధైర్యం చాల్లేదు. లోపలి నుంచి దగ్గు వినిపించినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు. దగ్గు వినిపించనప్పుడు ఇంకా భయమేసింది.

పదకొండు దాటాక డాక్టరు వచ్చాడు. "నాడి బాగానే ఉంది. తిన్నది తక్కువ, అందులోనూ వాంతయిపోయింది. ప్రమాదం లేదు. సాయంత్రం దాకా ఉంచుకుని పంపిస్తాం," అన్నాడు.

కనకలక్ష్మి భోరున ఏడ్చేసింది. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా బయటికొచ్చింది. అమ్మగారు కాస్త దగ్గరికి జరిగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకో అమ్మాయ్. నువ్వు రాబట్టి సరిపోయింది. రెండుసార్లు కడిగాను కదా అన్న ధీమాలో ఉన్నాను నేను. నువ్వు రాకపోతే మిగతా పచ్చడి మధ్యాహ్నం అన్నంలో కలిపి పెట్టేదాన్ని. నలుగురిలో చెప్పుకుని, వెతుక్కుంటూ వచ్చావు. ఎంతమంది వస్తారు?"

ఆ మెత్తటి మాటకి కనకలక్ష్మి కరిగిపోయింది. తను ఎంత అభిమానంతో వేసిన కొసరో ఆవిడకు తెలియాలనిపించింది.

"ఇట్టా ఎప్పుడూ జరగలేదమ్మగారూ. ఆ మడికి మందు వాసన కూడా తగలనివ్వం. మేం తినేది అందులోదే. మీకూ అందులోదే వేద్దామని ప్రత్యేకం కోసుకొచ్చేదాన్ని."

అమ్మగారు తల ఊపింది. కాసేపటికి ఆ ఊపడం ఆగింది. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత లెక్కలు చేయించిన మనిషి.

"మీరు తినేది అందులోదేనా? బెండకాయలు కూడా?"

"మా ఇంట్లోకి నాలుగు మొక్కలుంటాయండి అందులో."

"మరి మాకమ్మేవి?"

"అవి పొలంలోవండి."

"వాటికి కొడతారా?"

"కొట్టకపోతే కాయ నిలవదమ్మగారూ. కొట్టి, వారం ఆగి కోస్తాం."

"ప్రతిసారీ ఆగుతారా?"

ఆగుతామంటే సరిపోయేది. ఎవరొచ్చి చూస్తారు? గండం గడిచింది, ఆవిడ చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. కానీ పొద్దున ఒకసారి నోరు మూసుకుని కూర్చున్నందుకు ఏమైందో ఇంకా లోపలి మంచం మీదే ఉంది. బెండతోట రోజు విడిచి రోజు కొయ్యాలి. లేకపోతే ముదిరిపోతుంది. ముచ్చిక తుంచితే టక్కుమనదు.

"ఆగమండీ," అంది కనకలక్ష్మి. "బెండకి ఆగడం కుదరదు. ఆగితే మీరే తీసుకోరు."

ఆవిడ చెయ్యి మెల్లగా భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడలేదు. గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆయనకి జబ్బని తెలిసినరోజు పెద్ద డాక్టరు అడిగాడు, బయటి తిండి ఎక్కువగా తింటారా అని. లేదండీ, పదేళ్ళుగా రైతు బజార్లో రైతు చేతి నుంచి తెచ్చి ఇంట్లోనే వండి పెడుతున్నానని గొప్పగా చెప్పాను."

అమ్మగారు లేచి, తలుపు తోసుకుని భర్త దగ్గరికి వెళ్ళింది. కనకలక్ష్మి ఒడిలో ఫోను మోగుతోంది. సుబ్బారావు. ఆమె ఎత్తలేదు. ఈవేళ బుధవారం. బెండతోటకి మందు కొట్టింది సోమవారం సాయంత్రం. పొద్దున అమ్మగారు ఒక్కొక్కటీ తుంచి చూసి కిలో తీసుకుంది. మిగతా ఏడుగురూ తీసుకున్నారు. వాళ్ళు కాక ఇంకో నలభై మంది తీసుకున్నారు. తను మైకులో కొత్తిమీర సంగతి ఒక్కటే చెప్పి వచ్చింది.